దుప్పిని పిలిచే ఆకు

ముందు ఉల్లిగడ్డల ఆటో సంగతి చెప్పాలి. పెర్కిట్‌లో మా గల్లీకి ఆదివారం పొద్దున్నే ఒక ట్రాలీ ఆటో వస్తుంది. దాని నెత్తిన మైకు ఉంటుంది. మైకులో ఒక గొంతు "ఉల్లిగడ్డలూ, ఎర్ర ఉల్లిగడ్డలూ" అని సాగదీస్తుంది. ఆ గొంతు ఆటో నడిపేవాడిది కాదు, ఎప్పుడో ఎవరితోనో రికార్డు చేయించింది. నడిపేవాడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. మొదట్లో ఆ గొంతు వినగానే గల్లీ అంతా గిన్నెలు పట్టుకుని బయటకు వచ్చేది. తర్వాత్తర్వాత అది ఎవరి చెవికీ ఎక్కడం మానేసింది. నా నిద్రను మాత్రం తప్పకుండా చెడగొడుతుంది. కానీ ఇంట్లో ఉల్లిగడ్డ అయిపోయిన వారం ఆటో వచ్చిపోయిన సంగతే నాకు తెలియదు. "ఆటో వచ్చిందా?" అని మా ఆవిడను అడిగితే "వచ్చే ఉంటది" అంటుంది, దేవుడి గురించి మాట్లాడినట్టు.

ఈ బాధ ఎవరికైనా చెప్పుకుందామంటే నాకు ఆ హక్కు లేదు. ఆ మైకు అమ్మింది నేనే.

నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివాను. ఆర్మూర్‌లో మైకులు, యాంప్లిఫయర్లు, సోలార్ లైట్లు అమ్ముతాను. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందని కొత్తగా పరిచయమైనవాళ్లు అడుగుతుంటారు. ఏమీ జరగలేదు, అందుకే అమ్ముతున్నాను. అయితే ఈ మధ్య నా చదువు మెల్లగా అక్కరకొస్తోంది. మక్కచేన్ల మీద అడవిపందులు, దుప్పులు పడుతున్నాయి. వాటిని బెదరగొట్టడానికి రైతులు ఒక డబ్బా కొంటున్నారు. లోపల బ్యాటరీ, పైన చిన్న సోలార్ పలక, ముందు హారన్. అందులో మెమరీ కార్డు వేస్తే రాత్రంతా అరుస్తుంది. ఏం అరవాలో నేను నిర్ణయిస్తాను. పులి గాండ్రింపు, కుక్కల గుంపు, పటాకులు, "హేయ్, ఎవర్రా అది" అనే మగగొంతు. యూనివర్సిటీలో మా ప్రొఫెసరు జంతువుల ప్రవర్తన మీద ఏడాదంతా చెప్పిన పాఠాలు ఇప్పుడు నా కౌంటరు మీద మెమరీ కార్డులై పడి ఉన్నాయి.

అన్నిటికంటే బాగా పోయేది మాత్రం పులి కార్డు కాదు. ఒకసారి మార్కెట్‌లో పసుపు అమ్ముకుని ఇంటికి పోతున్న ఒకావిడ షాపుకొచ్చింది. పులి అరుపు వినిపిస్తే పెదవి విరిచింది. "గిది కాదు బిడ్డా. నేను తిడ్త, నువ్వు పట్టు" అంది. మైకు చేతికిచ్చాను. ఊపిరి తీసుకోకుండా తిట్టింది. పందిని, పంది తల్లిని, పంది పుట్టిన అడవిని. మధ్యలో పక్కచేను రైతు పేరు కూడా రెండుసార్లు వచ్చింది, దాన్ని నేను కత్తిరించాను. ఇప్పటికీ ఊరూరి నుంచి వచ్చి ఆ కార్డే అడుగుతారు. పందుల సంగతి తెలియదు గానీ, అది మోగుతుంటే రైతుకు నిద్ర బాగా పడుతుందట.

నా వ్యాపారాన్ని చూసి బాహాటంగా నవ్వేవాడు ఒక్కడే, మా మామ. అమ్మకు సొంత తమ్ముడు. జక్రాన్‌పల్లి దాటి ఇందల్వాయి వైపు పోతే, హైవే దిగి కొంత లోపలికి ఆయన ఊరు. ఇంటి వెనక కల్లం, కల్లం అవతల పసుపు, పసుపు అవతల మక్క, మక్క అవతల ఒర్రె, అంటే చిన్న వాగు. ఒర్రె దాటితే అడవి. దుప్పులకు ఇంతకంటే సౌకర్యంగా మక్క ఎవరూ వేసి పెట్టలేరు.

మామ వయసులో ఉన్నప్పుడు దుప్పుల్ని పిలిచేవాడు. అదొక పని. తుపాకి ఆయనది కాదు, వేటకొచ్చేవాళ్లది. మామ చేతిలో ఉండేది ఒక తునికాకు, బీడీలు చుట్టే ఆకే. దాన్ని మడిచి పెదవుల మధ్య పెట్టి ఊదితే తల్లి నుంచి తప్పిపోయిన దుప్పిపిల్ల అరుపు వస్తుంది. ఎక్కడో మేస్తున్న తల్లి దుప్పులు ఆ అరుపు విని వస్తాయి. తమ పిల్ల కాకపోయినా వస్తాయి. అప్పటికే దుప్పిని వేటాడటం నేరమని చట్టం ఉంది. మా మామ ఊరికి బస్సు లేకపోవడం వల్ల చట్టం రావడం కాస్త ఆలస్యమైంది, అంతే.

ఆ విద్య గురించి మామ చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం. ఆయన లెక్కలో పిలవడమంటే ఎక్కువ భాగం పిలవకుండా కూర్చోవడమే. గాలి మన ముఖానికి కొట్టేచోట కూర్చోవాలి, వీపుకు కొడితే ఇంటికి పోవచ్చు. మోకాళ్ల మీదికి వంగి, నోరు నేలకు దగ్గరగా పెట్టి ఊదాలి. పిల్ల గడ్డిలో పడుకుని అరుస్తుంది గానీ చెట్టెక్కి అరవదు. ఒక్కసారి ఊది, బీడీ తాగేంత సేపు ఆగాలి. బీడీ మాత్రం తాగకూడదు. తల్లి చెవులు మనవైపు తిరిగాక మళ్లీ ఊదితే మొత్తం చెడిపోతుంది. "అది ఇన్నది. నడుస్తున్నది. నడిచేదాన్ని మల్ల పిలుస్తె అనుమానపడ్తది. మనుషులైనా అంతే గదా అల్లుడా?" అనేవాడు.

దుప్పి దగ్గరికొచ్చాక మామ పని అయిపోయినట్టు. నోట్లో ఆకు తీసేసి, కళ్లు మూసుకుని, రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకునేవాడట. ఎందుకంటే తుపాకి ఆయన నెత్తి మీదుగానే పేలేది. ఒకసారి వేళ్లు పెట్టడం ఆలస్యమైంది. ఎడమ చెవి అప్పటి నుంచి మందం. అందుకే ఆయనతో ఏదైనా ముఖ్యమైన మాట చెప్పాలంటే మేమంతా కుడివైపు కూర్చుంటాం. ఆయనకు నచ్చని మాటైతే మెల్లగా మెడ తిప్పి ఎడమ చెవి మనకు అప్పగిస్తాడు.

ఎప్పుడు మానేశాడో, ఎందుకు మానేశాడో అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు. ఫారెస్టోళ్లకు జీపు వచ్చిందని ఒకసారి, ముందరి పండ్లు ఊడిపోయాయని ఇంకోసారి. అత్త మాత్రం ఒకటే చెబుతుంది. "నేను ఆ కూర ఒక్కనాడు వండలే. ఎన్నిసార్లు తెస్తడు?" ఇంతకంటే పెద్ద వాక్యం ఆమె దగ్గర వినలేదు. ఎప్పుడు చూసినా ఒళ్లో చాట పెట్టుకుని, తడి గోనెగుడ్డలోంచి ఆకు తీసి కత్తెరతో కోస్తూ, తంబాకు పోసి బీడీ చుడుతూ ఉంటుంది. ఒకే ఆకుతో ఒకరు దుప్పుల్ని పిలిచారు, ఒకరు ఇల్లు నడిపారు. ఇది నేను ఒకసారి ఆమె ముందు అన్నాను. "నీకు తిన్నది అరుగుతలేదు" అంది.

ఇక అసలు సంగతి. పోయిన జనవరిలో మామ కొడుకు, అంటే మా బామ్మర్ది, నా షాపు ముందు బండి ఆపి గోనెసంచిలోంచి నా డబ్బానే తీసి కౌంటరు మీద పెట్టాడు. వ్యవసాయమంతా ఇప్పుడు అతని చేతిలోనే. కిందటేడు మక్కలో సగానికి పైగా దుప్పులకే పోయింది. ఈసారి కంకి పాలు పోసుకునే దశలో ఉంది, వాటికి అన్నిటికంటే ఇష్టమైన దశ.

"బావా, నీ పులి పనికొస్తలేదు" అన్నాడు.

"మొదట్ల పని చేసింది అన్నవ్ గదా?"

"మొదట్ల ఉర్కినయ్. ఇప్పుడైతే దాని పక్కకే పండుకుంటున్నయ్. వెచ్చగుంటదేమో."

"డబ్బా ఎక్కడ పెట్టినవ్?"

"ఏపచెట్టు మీద. దూరం ఇనపడాలె గదా."

"రోజూ ఒకటే చెట్టెక్కి ఒకటే తీరుగ ఒర్రుతుంటే అవి పులి మీద జాలి పడుతున్నయేమో."

నా హాస్యానికి బామ్మర్ది ఎప్పుడూ నవ్వడు. కస్టమరు కాబట్టి నేనూ బలవంతం చేయను. కానీ ఆ తర్వాత అన్న మాటకు నాకే నవ్వు పోయింది.

"ఇగ వైరే" అన్నాడు.

ఆ మాట వివరించాల్సిన పనిలేని ఊళ్లు మా చుట్టూ చాలా ఉన్నాయి. చేను చుట్టూ కట్టెలు పాతి, సన్న ఇనుప తీగ చుట్టి, మోటరు స్టార్టరు నుంచి కరెంటు ఇస్తారు. చీకటి పడ్డాక వేస్తారు, తెల్లారాక తీస్తారు. తీయడం మరిచిపోయిన పొద్దున చేనుకు మొదట ఎవరు పోతే వాళ్లు పేపర్లో చిన్న వార్తవుతారు. నేరమని అందరికీ తెలుసు. దుప్పి మేస్తే పంట పోతుందని కూడా అందరికీ తెలుసు.

"మామ ఏమంటున్నడు?"

"ఏమంటడు? వైరు పెట్టిన చేన్ల అడుగు పెట్టనంటున్నడు. నేను పిలిచి పంపిస్త, ఆదివారం దాక ఆగు అంటున్నడు. పిలిచి పంపిచ్చుడు ఏంది బావా? పిలిచెటోడు ఎవడన్న పంపిస్తడా?" అని ఆగి, "ఆదివారం దాక ఆగుత. సోమవారం కరెంటు" అన్నాడు.

మర్నాడు మామే షాపుకొచ్చాడు. ఆయన ఫోన్ చేసే పద్ధతి వేరు. ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తాడు. తర్వాత మౌనం. మనమే చేయాలి. మనం చేసేదాకా ఆయన ఎంత సేపైనా కూర్చుంటాడు. ఆ రోజు అలా రింగిచ్చి, నేను చేసేసరికి షాపు ముందే నిలబడి ఉన్నాడు. జేబులో తడిగుడ్డలో చుట్టిన తునికాకులు, అత్త చాటలోంచి ఎత్తుకొచ్చినవి.

ఆయన ఆలోచన బాగానే ఉంది. పులి అరుపుతో బెదరగొట్టడం కాదు, పిల్ల అరుపుతో పక్కకు మళ్లించాలి. డబ్బాను ఒర్రె అవతల, అడవి అంచున, గడ్డిలో నేల మీద పెట్టాలి. మంద చేన్లోకి దిగే వేళకు ఒక్కసారి అరవాలి. మళ్లీ చాలాసేపటికి ఇంకోసారి. తల్లులు అటు మళ్లితే మంద అటే పోతుంది. అక్కడ గడ్డి ఉంది, నీళ్లు ఉన్నాయి. "మక్క రుచి మరుస్తయా మామా?" అంటే, "మరువయ్. గని రోజు పని పెడ్తె మక్క యాదికి రాదు" అన్నాడు. జువాలజీలో ఇలాంటి మాటకు కాస్త పొడుగు పేరుంది, అర్థం ఇదే.

రికార్డింగు మాత్రం అంత సులువుగా కాలేదు. మామకు ఇప్పుడు కట్టుడు పండ్లు. పండ్లతో ఊదితే అరుపు కీచుగా వచ్చింది, కాన్వెంటులో చదివిన దుప్పిపిల్లలా. పండ్లు తీసి ఊదితే ఒట్టి గాలి వచ్చింది. వైర్లు కొనడానికొచ్చిన ఒక ఎలక్ట్రీషియను ఇదంతా చూసి, "తాతకు ఉబ్బసమా?" అని నన్ను మెల్లగా అడిగాడు. మామ కుడి చెవి బాగానే పని చేస్తుంది. "నీ పెండ్లికి బ్యాండు కొట్టనీకి నేర్చుకుంటున్న, పో" అన్నాడు. చివరికి బాగా నానిన ఆకును పండ్లకు తగలకుండా పెదవుల చివర పట్టి ఊదాడు. అప్పుడు వచ్చింది.

ఆ అరుపు ఎలా ఉందో చెప్పమంటే నాకు ఒక్కటే తోస్తుంది. పగటినిద్ర లేచిన పసిపిల్ల ఇంట్లో ఎవరూ కనిపించకపోతే ముందు ఏడవదు, అడుగుతుంది. అలా ఉంది. ఎలక్ట్రీషియను చేతిలో వైరు చుట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పక్క షాపు ఆవిడ తలుపులోంచి తొంగిచూసి "పాపను తెచ్చిండ్రా?" అని అడిగింది.

కార్డు తయారు చేసి, రెండు అరుపుల మధ్య పొడుగాటి మౌనం పెట్టి, డబ్బాతో పాటు మామ చేతికిచ్చాను. మామ వాటిని తన కొడుకు చేతికిచ్చాడు. అక్కడే పని చెడింది.

బామ్మర్ది మూర్ఖుడేం కాదు. అతని లెక్క అతనికుంది. సొంత డబ్బాను అడవిలో పెడితే దొంగలు ఎత్తుకుపోతారు. ఇక పిల్ల అంత ఘోరంగా అరుస్తోందంటే దాన్ని ఏదో తింటోందన్నమాట, ఆ అరుపు వింటే మంద పారిపోవాలి. అంతసేపు మౌనంగా ఉండే డబ్బా చెడిపోయినట్టే లెక్క. కాబట్టి కార్డులోంచి మౌనాన్ని తీసేయించి, డబ్బాను చేను నడుమ వేపచెట్టు కింద పెట్టి, గొంతు పూర్తిగా పెంచి, ఇంటికి పోయి పడుకున్నాడు.

ఇందల్వాయి అడవిలో తల్లి అయిన దుప్పి, తల్లి కాబోతున్న దుప్పి, ఏదీ మిగలకుండా వచ్చి ఉంటాయి.

మర్నాడు మధ్యాహ్నం నేను షాపులో ఉండగా మామ నంబరు మోగింది. ఒక్క రింగు అయ్యాక ఆగలేదు. మోగుతూనే ఉంది. కట్ అయింది, మళ్లీ మోగింది. ఆయన అన్నన్ని రింగులు ఇవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"అల్లుడా, జర రా. నా మాట ఇంటలేడు. ఇయ్యాల్నే కరెంటు పెడ్తడట."

షట్టరు దించి బండి తీశాను. పసుపు ఉడకబెట్టే రోజులు. జక్రాన్‌పల్లి దాటాక హైవే పక్కన ఎటు చూసినా ఆవిరి, పచ్చి పసుపు వాసన. నేను చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. కల్లంలో ఆరబోసిన పసుపు కొమ్ముల పక్కన అత్త చాట పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి గడ్డంతో చేనువైపు చూపించింది.

మామతో కలిసి చేన్లోకి నడిచాను. నడుమంతా తొక్కి పడేసి ఉంది. మక్క కర్రలు విరిగి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మామ ఒక విరిగిన కర్రను పట్టుకుని కంకి చూపించాడు. చెక్కు చెదరలేదు. ఇంకోటి చూపించాడు. అదీ అంతే.

"తినలే. ఎతికినయ్" అన్నాడు.

బామ్మర్ది మూడు వైపులా తీగ చుట్టేశాడు. కట్టెలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు కట్టి, వాటి మీదుగా తీగ లాగాడు. ఒర్రె వైపు ఒక్కటే మిగిలింది. మిగతా చుట్ట భుజాన వేసుకుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చాడో, నిద్ర లేదో అడిగే చనువు నాకు ఆ పూట లేదు.

"అవి లోపట్నే ఉన్నయ్" అన్నాడు చేను కింది మూలకు చూపిస్తూ. అక్కడ తొక్కని మక్క గుబురుగా ఉంది. చూడగా చూడగా ఆకుల మధ్య ఒక చెవి కదిలింది. దాని పక్కన ఇంకోటి. రాత్రి వచ్చినవి పోలేదు. "పగలు గూడ పోతలేవు. డబ్బా బందు పెట్టినా పోతలేవు. ఇగ నేనేం జెయ్యాలె? బయటికి పొయ్యేటప్పుడు తగులుతది. ఒక్కసారి తగిలితే మల్ల రావు."

"తగిలినయ్ అసలుకే రావు" అన్నాను.

"నీకేం బావా, నువ్వు డబ్బాలు అమ్ముకుంటవ్."

అది నిజమే. మామ పోయి కొడుకు ముందు నిలబడ్డాడు. అరవలేదు. ఆయన బతిమాలడం కూడా నేను అదే మొదటిసారి చూడటం.

"దీపాలు పెట్టేదాక ఆగు బిడ్డా. నేను పిలుస్త. ఒర్రె దాటిస్త. దాటకపోతే నీ ఇష్టం, నేను మాట్లాడ."

బామ్మర్ది భుజాన ఉన్న తీగ చుట్ట కిందికి దించాడు. "దీపాల దాక" అన్నాడు. పోయి బోరు దగ్గర స్టార్టరు డబ్బా ముందు గట్టు మీద కూర్చున్నాడు.

మామ కల్లంలోకి నడిచి అత్త ముందు చేయి చాపాడు. అత్త తల ఎత్తలేదు. గోనెగుడ్డ కింద వేళ్లతో వెతికి, మచ్చ లేని మెత్తటి ఆకు ఒకటి తీసి ఆ చేతిలో పెట్టింది. మామ ఆరబోసిన పసుపులో రెండు చేతులూ రుద్దుకున్నాడు. మనిషి వాసన పోతుందట. నాకు నమ్మకం లేదు గానీ నేనూ రుద్దుకున్నాను. ఆ రోజుల్లో మా ప్రాంతంలో పసుపు వాసన లేనివాడే అనుమానంగా కనిపిస్తాడు.

తీగ లేని వైపున, ఒర్రె ఒడ్డు మీద గడ్డిలో కూర్చున్నాం. నేను ఆయన కుడివైపు. గాలి చేను మీంచి మా ముఖాలకే వస్తోంది. మామ మోకాళ్ల మీదికి వంగి, ఆకు పెదవుల చివర పెట్టుకుని ఊదాడు.

ఒక్కసారే. చిన్నగా. షాపులో విన్నదానికంటే చాలా చిన్నగా.

తర్వాత ఏమీ లేదు. హైవే మీద లారీలు పోతున్న చప్పుడు. ఎవరిదో మోటరు. మక్క ఆకుల్లో గాలి. నాకు ఇంకోసారి ఊదమని చెప్పాలనిపించింది. బోరు దగ్గర బామ్మర్ది లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. పొద్దు అడవి మీదికి వాలుతోంది. మామ కదల్లేదు. నా జీవితంలో నేను ఊరికే కూర్చున్న సందర్భాలు చాలా ఉన్నాయి, కానీ అంత కష్టంగా కూర్చున్నది అదొక్కటే.

చాలాసేపటికి ఇంకోసారి ఊదాడు. ఈసారి చివర కొంచెం విరిగింది. కావాలని విరిచాడో, పండ్ల వల్ల విరిగిందో నేను అడగలేదు.

మక్క కదిలింది. ముందు ఒక తల బయటికొచ్చింది. రెండు చెవులూ మా వైపే. మామ ఆకు తీసేశాడు. దుప్పి ఆగి ఆగి నడుస్తూ చేను దాటి, తీగ లేని జాగాలోంచి బయటకొచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మంద అంతా గడ్డిలోకి దిగింది. మొదటి దుప్పి మాత్రం మావైపే వచ్చింది. వీపు మీద చుక్కలు ఒక్కొక్కటీ కనిపించేంత దగ్గరికి వచ్చి నిలబడింది. ముక్కు తడిగా మెరుస్తోంది.

ఎంత బాగా పిలిచావని చెప్పాలని మెల్లగా మామ వైపు చూశాను. మామ కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పసుపు చేతుల వేళ్లు రెండూ చెవుల్లో పెట్టుకుని, భుజాలు పైకి లాగి, మెడ లోపలికి ముడిచి కూర్చున్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చూడబుద్ధి కాలేదు.

మా వెనక తుపాకి లేదు. ఏమీ పేలలేదు. లారీలు పోతూనే ఉన్నాయి. మామ అలాగే కూర్చున్నాడు, రావాల్సింది రాలేదన్నట్టు. కొంతసేపటికి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. దుప్పి ఇంకా అక్కడే ఉంది. ఆయన ముఖం వైపు చూడటం లేదు. ఆయన మోకాళ్ల దగ్గరి గడ్డి వైపు చూస్తోంది, అరుపు వచ్చిన చోటు. మామ వేళ్లు చెవుల్లోంచి మెల్లగా తీశాడు. తీసిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాలిలోనే ఉంచాడు. పిలిచిన దుప్పిని ఆయన అంత దగ్గరగా, అంతసేపు చూడటం బహుశా అదే మొదలు. ఇదివరకటి దుప్పులకు ఆ వ్యవధి దొరికి ఉండదు.

తర్వాత దుప్పి తిరిగి, ఒర్రెలోకి దిగింది. మంద దాని వెనక దిగింది. నీళ్ల చప్పుడైంది. అవతల చెట్లు కదిలి, ఆగిపోయాయి.

బామ్మర్ది మా దగ్గరికి వచ్చాడు.

"అన్నీ పోయినయా?"

"అన్నీ" అన్నాడు మామ. గొంతు సరిచేసుకుని, "చూసినవా?" అని కూడా అన్నాడు.

బామ్మర్ది చూశాడనే అనిపించింది. చెవుల్లో వేళ్లు కూడా చూశాడేమో. బోరు దగ్గరికి వెనక్కి పోయి స్టార్టరుకు కట్టిన తీగ కొసలు విప్పాడు. కట్టెల మీంచి తీగ లాగుతూ, మోచేతికి చుట్ట చుట్టుకుంటూ చేను చుట్టూ తిరిగి వచ్చాడు. "కంకి గట్టిపడేదాక. రోజు పొద్దుమూకె ఈడ కూసోవాలె. ఒక్కరోజు తప్పినా వైరే" అన్నాడు తండ్రితో.

"నీకు పెండ్లి కుదిరిచ్చినప్పుడు గూడ ఇన్ని షరతులు పెట్టలే వాళ్లు" అన్నాడు మామ. బామ్మర్ది నవ్వాడు. నేను లోకంలో లేని జోకులన్నీ వేసినా నవ్వని మనిషి.

కల్లంలో కూర్చుని చాయ తాగాం. ఇంట్లో దీపాలు వెలిగాయి. మామ అప్పటికి పాత మామ అయిపోయాడు. ఏ ఊరి వేటగాళ్లు ఎంత దూరం నుంచి తన కోసం వచ్చేవారో, ఆకు పండ్లకు తగలకుండా పట్టడం ఎంత కష్టమో, డబ్బాకూ మనిషికీ తేడా ఏమిటో చెబుతూ పోతున్నాడు. "నీ డబ్బా తీస్కపోయి ఉల్లిగడ్డలోనికి అమ్ముకో అల్లుడా" అన్నాడు. బామ్మర్ది "బాపూ, నిన్నే చెట్టుకు కడ్త, డబ్బా లెక్క" అన్నాడు. నేను ఆ డబ్బాను వాపసు తీసుకుంటానని అందరి ముందూ ఒప్పుకున్నాను. అంత సంతోషంగా నేను సరుకు వాపసు తీసుకున్న రోజు ఇంకోటి లేదు.

అత్త కత్తెర ఆపకుండా ఆకు కోస్తూ ఉంది.

"దగ్గరికొచ్చిందా?" అని అడిగింది.

"రాక? గీ చాట ఉన్నంత దగ్గరికొచ్చింది" అన్నాడు మామ.

"వచ్చి?"

"వచ్చి ఏం జేస్తది? చూసింది. అటిటు చూసి పోయింది."

కత్తెర ఆగింది. అత్త తల ఎత్తి, ఆయన కుడి చెవి వైపుకు జరిగి కూర్చుంది.

"రోజూ గట్లనే అబద్ధం జెప్పి పిలుస్తవా దాన్ని?"